పప్పు ఉడికితేనే అప్పగింత

మా మామగారు బోరు మేస్త్రి. కొల్లేటి చుట్టుపక్కల ఊళ్లలో ఆయన దింపిన బోర్లు ఎన్నో ఆయనే లెక్క పెట్టుకోలేదు. ఆయన గురించి ఒక మాట మాత్రం నా పెళ్లి చూపుల్లోనే విన్నాను. పప్పు ఉడికితేగాని ఆయన బోరు అప్పగించరట. మా గూడెంలో మా ఇంటి వరండాలో కూర్చుని ఆ మాట విన్న మా నాన్న, ఇదేదో వంట మేస్త్రి సంబంధమేమోనని కాసేపు కంగారుపడ్డాడు.

తర్వాత నా కళ్లతో చూశాను. బోరు దిగి, మోటారు బిగించి, నీళ్లు తేటగా పడుతున్నా సొంతదారుల్ని ఆయన దగ్గరికి రానిచ్చేవారు కాదు. అక్కడే మూడు రాళ్లు పెట్టి, ఆ నీళ్లతోనే కందిపప్పు ఎసట్లో పోయించేవారు. ఉప్పు లేదు, పసుపు లేదు. పప్పుగుత్తితో నాలుగు తిప్పులు తిప్పితే వెన్నలా మెదగాలి. మెదిగితే అప్పగింత. పలుకు మిగిలితే నీళ్లు ఎంత తేటగా ఉన్నా గొట్టాలు పైకి లాగించేవారు. నాలిక మొహమాటపడుతుంది గాని పప్పుకి మొహమాటం లేదు అనేవారు. అది నిజమే. సొంతదారు కళ్లలోకి చూస్తూ ఆ నీళ్లు తాగి, బాగాలేవని చెప్పడానికి మన గోదావరి జిల్లాల మనిషికి నోరు రాదు.

ఆ పప్పు వండేది మా అత్తగారు. గిన్నె, గుత్తి, ఒక గుడ్డలో మూట కట్టిన పప్పు పట్టుకుని చేలగట్ల మీదా చెరువుగట్ల మీదా ఆయన వెనకాలే నడిచారు. ఆయన వృత్తిలో సగం ఆవిడదేనని నేను ఒప్పుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. ఎందుకంటే ఆ నీళ్ల సంగతి చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నేనని నాకు గట్టి నమ్మకం.

నేను భూగర్భశాస్త్రం చదివాను. ఏలూరులో భూగర్భ జలాలు చూసే ఆఫీసులో చిన్న ఉద్యోగం. టేపు పట్టుకుని ఊరూరా తిరిగి బోర్లలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలిచి రాసుకోవడం నా పని. మొదటి ఏళ్లన్నీ మెట్టలోనే గడిచాయి. నల్లజర్ల, జంగారెడ్డిగూడెం, పామాయిల్ తోటలు, ఎర్రమట్టి, బస్సులో నిలబడి ప్రయాణం. అక్కడ రైతు అడిగేది ఒకటే. నీళ్లున్నాయా, లేవా? మోటారు వేసి టేపు దింపి గంట గంటకీ మట్టం కొలుస్తుంటే, నీళ్లు దిగుతున్నకొద్దీ రైతు ముఖం కూడా దిగేది. ఏ మధ్యాహ్నానికో దిగడం ఆగిపోయి మట్టం అలాగే నిలబడిందంటే ఇక పండగే. నీళ్లు నిలబడ్డాయండీ అని నేను చెప్పగానే ఆయిల్‌పామ్ నీడలో నాకు కొబ్బరిబొండం వచ్చేది. గ్రాఫు కాగితం మీద కిందికి వంగుతూ వచ్చిన గీత అడ్డంగా సాగిందంటే, ఏడేళ్ల పాటు నాకు ప్రపంచంలో అంతకంటే అందమైన బొమ్మ లేదు.

అత్తవారి ఊళ్లో కథ తిరగబడింది. ఏలూరు నుంచి కైకలూరు రోడ్డున పడి, చేపల చెరువుల మధ్య ఊపుకుంటూ వచ్చే బస్సు దిగితే మా ఊరు. అక్కడ నీళ్లున్నాయా అని ఎవరూ అడగరు. గునపం దించితే నీళ్లే. ఏ నీళ్లు అన్నదే అక్కడి ప్రశ్న. పైనున్న ఇసుకలో ఉప్పునీళ్లు. కాళ్లు కడుక్కోవడానికి తప్ప దేనికీ పనికిరావు. దాని కింద బంకమట్టి. ఆ బంక కింద మళ్లీ ఇసుక, ఆ ఇసుకలో మంచినీళ్లు. మా మామగారి పనితనమంతా ఆ ఉప్పు పొరలోంచి గొట్టాన్ని కిందికి తీసుకెళ్లడంలోనే ఉండేది. గొట్టం పక్కనున్న సందులోంచి చుక్క ఉప్పునీరు కూడా దాని వెంట కిందికి జారకూడదు. అందుకోసం నీడలో ఆరబెట్టిన నిమ్మకాయంత బంకమట్టి ఉండల్ని ఆ సందులోకి ఒక్కొక్కటే వదిలేవారు. వదిలి, చెవి పెట్టి వినేవారు. ఉండ అడుగుకి చేరిందని తెలిశాకే ఇంకోటి వదిలేవారు. రోజంతా అదే పని. ప్యాకింగు అని దానికి పేరు గాని, నాకు మాత్రం అది జపంలా కనిపించేది.

మా చర్చి ఆవరణలో ఉన్న బోరు ఆయన ఆఖరి బోరు. అది అప్పగించిన ఏడాదికే పోయారు. అప్పగించే రోజున సంఘ పెద్దతో ఒక మాట అన్నారు. పొద్దున ఓ గంట, సాయంత్రం ఓ గంట, అంతకు మించి తోడకండి అని. ఊరంతా అది మోటారు కాలిపోకుండా చెప్పిన జాగ్రత్త అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. ఆ బోరు నీళ్లతోనే ఊరు తాగేది, మా అత్తగారు బడి పిల్లలకి మధ్యాహ్నం అన్నం, పప్పు వండేవారు.

ఆయన పోయిన కొన్నాళ్లకి ఊళ్లో కొత్త ఆలోచన వచ్చింది. పెద్ద మోటారు పెట్టి, రోజంతా నడిపి, ట్యాంకుకెక్కించి వీధి వీధికీ కుళాయిలు ఇస్తే ఎలా ఉంటుందని. ఆడవాళ్లు బిందెలు మోసే బాధ తప్పుతుంది కదా. ఇంట్లోనే ఆఫీసరు ఉన్నప్పుడు బయటి వాళ్లని అడగడమెందుకని నన్ను అడిగారు. ఆఫీసరు అనగానే నా తలకాయ కాస్త పెరిగింది, దాచడమెందుకు. ఒక సెలవురోజున అద్దె మోటారు తెప్పించి పొద్దుటి నుంచి తోడించాను. మట్టం దిగింది, దిగింది, మధ్యాహ్నానికి నిలబడింది. మళ్లీ కదల్లేదు. అందరి ముందూ గ్రాఫు కాగితం విప్పి ఆ అడ్డగీత చూపించాను. ఈ బోరు ఎండదండీ, రోజంతా తోడుకోండి అన్నాను. అంతా సంతోషంగా తలలూపారు.

ఆ గుంపులో వెనకాల నిలబడిన మా అత్తగారు ఒకే ఒక మాట అడిగారు. "దిగడం ఎందుకాగిందమ్మా?"

కింద బోలెడు నీళ్లున్నాయి కదండీ, అందుకని అన్నాను. ఆవిడ ఊఁ అన్నారు. ఆవిడ ఊఁ లో ఎన్ని అర్థాలుంటాయో అప్పటికి నాకు తెలియదు.

పెద్ద మోటారు వచ్చింది. కుళాయిలు వచ్చాయి. సందు చివరి ముసలమ్మ తన గుమ్మంలో మొదటిసారి నీళ్లు పట్టుకుని ఆ బిందెకి బొట్టు పెట్టింది. మా ఇంటికి చెరువుల వాళ్లు శీలావతి చేపలు పంపారు. అవి ఎంతో ఇష్టంగా తిన్నాను.

ఆరు నెలలు గడిచాయి. ఒకరోజు ఆఫీసులో ఉండగా మా అత్తగారు ఫోన్ చేశారు. పప్పు పలుకు పోవడం లేదని, పిల్లలు కంచాల్లో వదిలేస్తున్నారని చెప్పారు. పాత పప్పయి ఉంటుందండీ అన్నాను. వారం తర్వాత మళ్లీ ఫోన్. కొత్త బస్తా విప్పినా అంతేనని, టీ నీళ్లలో పాలు విరుగుతున్నాయని అన్నారు. అప్పుడు కదిలాను. ఉప్పుశాతం చూసే మిషను పట్టుకెళ్లి పెడితే అంకె పెరిగి ఉంది. ఇక్కడ నా రెండో తెలివి చూపించాను. కొత్త బోర్లలో అలా ఏదైనా తేడా కనిపిస్తే గట్టిగా తోడి కడిగేస్తాం. అదే అలవాటున, రెండు రోజులు ఆపకుండా తోడేయండి, శుభ్రపడుతుంది అన్నాను. తోడేకొద్దీ మంచినీళ్లు ఊరతాయన్నది మెట్టలో బావులు తవ్వుకున్న వాళ్ల నమ్మకం, అది నా రక్తంలో ఉంది. రెండు రోజులూ తోడారు. అంకె ఇంకా పెరిగింది.

అక్కడి నుంచి మాటలు మొదలయ్యాయి. మేస్త్రి ప్యాకింగు పోయిందన్నారు. గొట్టం వెంట ఉప్పునీళ్లు జారుతున్నాయన్నారు. మా ప్రాంతంలో కోపంగా ఎవరూ ఏమీ అనరు, అదే పెద్ద చిక్కు. సంఘ పెద్ద మా గుమ్మంలో నిలబడి ఎంతో మర్యాదగా అన్న మాట నాకింకా గుర్తే. "మేస్త్రి గారి పనికి పేరెట్టలేమండి. కాకపోతే ఆఖరి రోజులు కదండీ, చెయ్యి వణికుంటుంది." తిట్టినా బాగుండేది. బయటి నుంచి రిగ్గు తెప్పించి గొట్టాలు పీకేసి వేరే బోరు వేయించాలని కూడా అనుకున్నారు. అంటే ఆయన ఆఖరి బోరు పోతుంది. పోతూ పోతూ ఆయన జీవితమంతా చేసిన పనికి మచ్చ పెట్టిపోతుంది.

మా అత్తగారు ఒక్క మాట అనలేదు. బడి వంటశాలలో వంగి పప్పు కలుపుతూ అన్నీ విన్నారు. నాకు ఆవిడ మీదే కోపం వచ్చింది. ఆయన పక్కన కూర్చుని అన్ని బంకమట్టి ఉండలు చుట్టిన మనిషి, ఆ చెయ్యి వణకలేదని ఎందుకు చెప్పదు? మా ఆయనతో పోట్లాడినట్టే అన్నాను. అమ్మ సంగతి నీకు తెలీదు అని ఆయన పేపరు తిప్పారు.

ఒక శనివారం మా అత్తగారు ఫోన్ చేసి ఊరికి రమ్మన్నారు. వెళ్లేసరికి వంటింటి గట్టు మీద ఒక పొడుగాటి గాజుసీసా, దాని పక్కన ఎండాకాలానికి కొని నీళ్లు నింపిన కొత్త మట్టికుండ పెట్టి ఉన్నాయి. ఆ సీసా మా మామగారి అలవాటు. బోరు దిగుతుంటే లోపలి నుంచి వచ్చిన మట్టిని పొర పొరగా అదే వరసలో సీసాలో పోసుకునేవారు. బోరుకొక సీసా. ఇది చర్చి బోరు సీసా. పైన నల్లరేగడి, దాని కింద బూడిదరంగు ఇసుక, తర్వాత పచ్చటి బంకమట్టి, అడుగున తెల్లటి ఇసుక. మా అత్తగారు దాన్ని కిటికీ వైపు తిప్పి బంకమట్టి దగ్గర వేలు పెట్టారు. దగ్గరగా చూస్తే ఆ బంకలో వెంట్రుకంత సన్నటి ఇసుక చారలున్నాయి.

తర్వాత కుండని చెయ్యి పెట్టి ఎత్తారు. కింద గట్టు మీద తడి గుండ్రంగా మిగిలింది. "పగులుందేమో చూడు," అన్నారు. చూశాను. లేదు. పగుల్లేకుండా తడెలా వచ్చిందో చెప్పమన్నారు. కొత్త కుండ కదండీ, చెమరుస్తుంది అన్నాను. అప్పుడు, నేను గ్రాఫు చూపించిన రోజు అడిగిన ప్రశ్నే మళ్లీ అడిగారు. ఆ రోజు నీళ్లు దిగడం ఎందుకాగింది?

ఇది నా రెండో సంవత్సరం పుస్తకంలో బొమ్మతో సహా ఉంది. దాని మీద పరీక్షలో పది మార్కుల ప్రశ్న కూడా రాశాను, మంచి మార్కులే వచ్చాయి. కింది ఇసుకలోంచి నీళ్లు తోడితే అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. పైనున్న నీటి ఒత్తిడి అలాగే ఉంటుంది. మధ్యలో ఉన్న బంకమట్టి గోడ కాదు, కుండ. గంటో రెండు గంటలో తోడితే ఆ చెమ్మ లెక్కలోకి రాదు, ఆపగానే కిందిది తేరుకుంటుంది. రోజంతా, నెలల తరబడి తోడితే బంకమట్టి అంతా చెమరుస్తుంది. చెయ్యంత మేర చూస్తే ఏమీ లేనట్టే, కానీ చేల కిందా, చెరువుల కిందా, ఊరి కిందా పరుచుకున్న బంకమట్టి మొత్తం చెమరిస్తే ఒక మోటారుకి సరిపడా నీళ్లొస్తాయి. మట్టం అందుకే నిలబడింది. నేను అందరికీ చూపించి మురిసిపోయిన ఆ అడ్డగీత, పైనున్న ఉప్పునీరు కిందికి దిగడం మొదలైందన్న కబురు. మెట్టలో నీళ్లు నిలబడితే అది వరం. ఇక్కడ ఎక్కడి నీళ్లు వచ్చి నిలబెట్టాయని అడగాలి. అడిగింది ఆవిడ ఒక్కరే.

ప్యాకింగు తప్పు కాదని నేను కాగితం మీద రాసిస్తానన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "నీ మిషను వాళ్లకి తెలీదమ్మా. పప్పు తెలుసు," అన్నారు.

పరీక్ష ఎలా పెట్టాలో మాత్రం నన్నే చెప్పమన్నారు. చెప్పాను. ప్యాకింగు నిజంగా పోయి ఉంటే, మోటారు ఆపిన రోజుల్లో కూడా ఉప్పునీళ్లు గొట్టం వెంట జారి బోరు అడుగున చేరి ఉంటాయి. మళ్లీ మోటారు వేస్తే మొదట వచ్చే నీళ్లే బాగా ఉప్పగా ఉండి, తోడేకొద్దీ తగ్గాలి. ప్యాకింగు బాగుండి, బంక చెమర్చడమే కారణమైతే దీనికి తిరగబడుతుంది. మొదటి నీళ్లు కాస్త మెరుగ్గా ఉండి, తోడేకొద్దీ చెడాలి. సంఘ పెద్దకి ఇదే చెప్పి పది రోజులు మోటారు కట్టేయించాం. ఆ పది రోజులూ ఊరు డబ్బాల్లో నీళ్లు తెచ్చుకుంది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు, చూపులు మాత్రం చూశారు.

పదకొండో రోజు పొద్దున్నే చర్చి పక్కన మూడు రాళ్లు పెట్టాం. ఒకే బస్తాలోంచి మూడు గిన్నెలకి ఒకే కొలత పప్పు తీశారు. మోటారు వేయగానే పట్టిన నీళ్లతో మొదటి గిన్నె. ఆపకుండా తోడించి ఆ సాయంత్రం పట్టిన నీళ్లతో రెండోది. మర్నాడు సాయంత్రం మూడోది. ఈలోగా నేను ఆవరణలో మూలనున్న ఉప్పునీళ్ల చేతిపంపు గొట్టంలోకి టేపు దింపి చూస్తూనే ఉన్నాను. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. రెండో రోజుకి దానిలో మట్టం కొద్దిగా దిగింది. సంఘ పెద్దని పిలిచి టేపు మీద తడి చూపించాను. కింద లాగుతుంటే ఇది పైన తగ్గుతోందండీ అంటే ఆయన చాలాసేపు ఆ తడినే చూశారు.

పప్పుగుత్తి మా అత్తగారు పట్టుకోలేదు. సంఘ పెద్ద చేతికే ఇచ్చారు. ఎవరి పక్షమూ లేకుండా ఆయనే తిప్పాలన్నారు. మొదటి గిన్నెలో పప్పు చాలావరకు మెదిగింది. రెండోది సగం. మూడోది పలుకులు పలుకులుగా గుత్తికి తగిలి చప్పుడు చేసింది. ఆయన గుత్తి పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నారు. "మేస్త్రి గారి చెయ్యి వణకలేదండి," అన్నారు మా అత్తగారితో. ఆవిడ ఊఁ అన్నారు.

ఇంటికి నడుస్తుంటే దారిలో చెరువు మీద గూడబాతులు దిగుతున్నాయి. నాకు ఒక్కసారిగా అనుమానం వచ్చింది. మీకు ముందే తెలుసాండీ అని అడిగాను. పప్పు మొదటిసారి ఉడకనప్పుడే తెలిసిందన్నారు. బోరు దింపే రోజున ఆ బంక చూసి, ఇది పల్చన, దీన్ని ఎక్కువ లాగకూడదు అని ఆయన తనతోనే అన్నారట. గంట, గంట అన్న మాట అందులోంచి వచ్చిందట. మరి అందరూ ఆయన్ని అంటుంటే ఎందుకు ఊరుకున్నారని నిలదీశాను. నిజం చెప్పాలంటే కాస్త గట్టిగానే అడిగాను.

"ఆయన ప్రభువు దగ్గరున్నారమ్మా, వీళ్ల మాటలు ఆయనకి వినపడవు. నువ్వు రోజూ ఆఫీసుకెళ్లి నలుగురిలో తిరగాలి. రోజంతా తోడమన్న మా కోడలి మాట వల్లే నీళ్లు చెడ్డాయని నేనెలా చెప్తాను?"

నాకైనా నేరుగా చెప్తే అత్త దెప్పినట్టుంటుందని, నా అంతట నేనే కనుక్కుంటే బాగుంటుందని ఊరుకున్నానన్నారు. అన్ని నెలలూ ఆవిడ మౌనం చూసి కోప్పడ్డాను. ఆ మౌనంలో ఆవిడ మొగుడి పేరుని అడ్డం పెట్టి నా పేరు కాపాడుతున్నారని నాకు తట్టనే లేదు. అంత పెద్ద మనసు నేను పుస్తకాల్లో కూడా చూడలేదు.

మర్నాడు ఆదివారం. ఆరాధన అయ్యాక సంఘ పెద్ద లేచి, ప్యాకింగు తప్పేమీ లేదని, మేస్త్రి గారిని అపార్థం చేసుకున్నామని చెప్పారు. అందరూ సర్దుకుని లేవబోతున్నారు. ఎవరూ నన్నేమీ అడగలేదు. నేను ఊరుకుంటే సరిపోయేది. ఆడవాళ్ల వైపు ముసుగేసుకుని కూర్చున్న మా అత్తగారు నా వైపు చూసి వద్దన్నట్టు తలూపారు కూడా. ఆవిడ మాట కాదనడం నాకు అదే మొదటిసారి. లేచి నిలబడ్డాను. రోజంతా తోడమన్నది నేను. ఉప్పు మొదలయ్యాక ఇంకా తోడమన్నదీ నేనే. మేస్త్రి గారు గంటే అన్నారు, ఆయనకి ఈ మట్టి తెలుసు, నాకు తెలియలేదు. అంతే చెప్పగలిగాను.

సంఘ పెద్ద నా వైపు తిరిగి, అయితే ఇక పొద్దున గంట, సాయంత్రం గంటేనాండీ అని అడిగారు. ఆయ్, అంతేనండీ అన్నాను. కుళాయిలకి వంతులు పెట్టుకున్నారు. సందు చివరి ముసలమ్మ మళ్లీ బిందె మోసింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. మోటారు గది తాళంచెవి మా అత్తగారి దగ్గరుండాలని ఊరంతా ఒక్కమాట మీద తీర్మానించింది.

వెళ్లినప్పుడల్లా మిషను పెట్టి చూస్తూ ఉన్నాను. అంకె వెంటనే దిగలేదు. బంకలోకి దిగిన ఉప్పు అంత తొందరగా వెనక్కి పోదు. వర్షాలు వచ్చి వెళ్లాయి, పిల్లలు కంచాల్లో పప్పు వదలడం కొద్దికొద్దిగా తగ్గింది. ఏడాది దాటాక ఒక ఉదయం నేను ఊళ్లో ఉండగా మా అత్తగారు బడి వంటశాలకి పిలిచారు. గంగాళం దించి, పప్పుగుత్తి నా చేతికిచ్చారు. తిప్పాను. ఒక్క పలుకు కూడా తగల్లేదు. ఇంకా తిప్పుతూనే ఉన్నాను, కళ్లెత్తి చూడటానికి ధైర్యం చాలలేదు.

"ఆయనుంటే ఈ రోజు బోరు నీకు అప్పగించేవారు," అన్నారు.

కొంగు ముడి విప్పి మోటారు గది తాళంచెవి నా చేతిలో పెట్టారు. గంటయింది, వెళ్లి కట్టేసి రమ్మన్నారు.